హెచ్ఐవి టీకా : నాలుగు దశాబ్దాల అన్వేషణలో జంతువులు నేర్పిన పాఠాలు

టీకాల చరిత్రలో విజయాలు ఎక్కువ. తరతరాలుగా మానవజాతిని పీడించిన మశూచిని టీకా భూమి మీద నుంచి పూర్తిగా తుడిచిపెట్టింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంగతిని ప్రకటించింది. తట్టు వైరస్‌ను ప్రయోగశాలలో వేరుపరచినది 1954లో. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 1963లో, దానికి టీకా వచ్చింది. మొన్నటి కోవిడ్‌కు ఏడాది లోపే టీకాలు సిద్ధమయ్యాయి. కాని హెచ్ఐవిని 1983లో కనుగొన్నారు. నలభై ఏళ్లు దాటినా దానికి టీకా లేదు.

ఇది శాస్త్రజ్ఞుల అలసత్వమా? నిధుల కొరతా? రెండూ కావు. చరిత్రలో ఏ టీకా కోసమూ ఇంతకాలం ఇంత శ్రమ జరిగి ఉండదు. ఆ శ్రమలో అధికభాగం మనుషుల మీద కాక కోతుల మీద, ఎలుకల మీద, చివరకు ఆవుదూడల మీద జరిగింది. ఆ ప్రయోగాలు ఏమి చెప్పాయో, ఎక్కడ మనలను తప్పుదారి పట్టించాయో, ఇప్పుడు ఏ దారి చూపుతున్నాయో వరుసగా తెలుసుకుందాం.

1984 నాటి మాట

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజలిస్ నగరానికి చెందిన ఐదుగురు యువకుల గురించి ఒక చిన్న నివేదిక ప్రచురించింది. ఆరోగ్యవంతులకు సాధారణంగా రాని ఒక రకం న్యుమోనియా వారికి సోకింది. ఎయిడ్స్ చరిత్ర అక్కడ మొదలయింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారే సినూసీ, లుక్ మోంటానియే బృందం ఈ వ్యాధికి కారణమైన వైరస్‌ను వేరుపరచింది. 2008లో వారిద్దరికీ నోబెల్ బహుమతి లభించింది.

1984 ఏప్రిల్ 23న అమెరికా ఆరోగ్యమంత్రి మార్గరెట్ హెక్లర్ పత్రికల వారిని సమావేశపరచి, సుమారు రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధం కాగలదన్న ఆశను వ్యక్తం చేశారు. అప్పటి అనుభవాన్ని బట్టి అది అత్యాశ కాదు. వైరస్ దొరికితే దానిని చంపో, బలహీనపరచో శరీరానికి చూపించాలి. శరీరం దానిని గుర్తు పెట్టుకుని ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, తయారు చేసుకుంటుంది. పోలియోకు, తట్టుకు అలాగే జరిగింది. హెచ్ఐవి ఆ సూత్రానికి లొంగలేదు.

ఈ వైరస్ ఎందుకు లొంగదు?

ఇందుకు ముఖ్యమైన కారణాలు నాలుగు.

మొదటిది : తట్టు సోకిన బిడ్డలలో చాలామంది కోలుకుంటారు. అనగా శరీరం ఆ వైరస్‌ను జయించగలదు. టీకా చేయవలసిందల్లా ఆ సహజ విజయాన్ని ముందుగా నేర్పడమే. హెచ్ఐవి సోకిన వారిలో శరీరం దానిని సొంతంగా పూర్తిగా తొలగించుకోవడం దాదాపుగా జరగదు. నకలు తీసుకుందామంటే సహజమైన మాదిరి లేదు.

రెండవది : ఈ వైరస్ మన రక్షణ వ్యవస్థకు సేనాపతుల వంటి సిడి4 టి కణాలలోనే ప్రవేశిస్తుంది. తన జన్యుపదార్థాన్ని ఆ కణాల డిఎన్ఏలో కలిపేస్తుంది. ఒకసారి అలా స్థిరపడ్డాక దానిని వెలికితీయడం సాధ్యం కాదు. అందువలన టీకా వలన కలిగే రక్షణ వైరస్ ప్రవేశించే ముందే ద్వారం దగ్గర కాపు కాయాలి.

మూడవది : ఇది విపరీతంగా మారిపోతుంది. తన జన్యువులకు నకళ్లు తీసుకునేటప్పుడు చాలా తప్పులు చేస్తుంది. ఆ తప్పుల వలననే నిత్యం కొత్త రూపాలు పుడతాయి. ఒకే రోగి శరీరంలోనే కొంతకాలానికి వేలకొలది రూపాంతరాలు ఉంటాయి.

నాలుగవది : వైరస్ పైపొర మీద ఉండే ముళ్ల వంటి ప్రోటీన్లే దాని తాళంచెవులు. ప్రతిరక్షకాలు అంటుకోవలసినది వాటికే. కాని హెచ్ఐవి మీద ఆ ముళ్లు చాలా కొద్ది. సగటున సుమారు 14 మాత్రమే. ప్రతి ముల్లు మూడు జతల ప్రోటీన్ల కూర్పు. దాని మీద దట్టంగా చక్కెర అణువులు కప్పబడి ఉంటాయి. ఆ చక్కెరలు మన శరీరపు చక్కెరల వంటివే కనుక రక్షణ వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తించదు. మేకతోలు కప్పుకున్న తోడేలు మందలో కలిసిపోయినట్లే ఇది శరీరంలో కలిసిపోతుంది.

కోతులు ఎందుకు అవసరమయ్యాయి?

మనుషులకు టీకా వేసి, ఆ తరువాత వారికి వైరస్ ఎక్కించి చూడడం ఎవరూ చేయకూడని పని. కనుక జంతువు కావలసి వచ్చింది. మొదట చింపాంజీలకు హెచ్ఐవి ఎక్కించారు. వైరస్ వాటిలో వృద్ధి చెందింది కాని, చాలావాటికి జబ్బు చేయలేదు. పైగా అవి అరుదైన జీవులు. కాలక్రమంలో అమెరికా వాటిపై ప్రయోగాలను విరమించింది.

1985లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ వానర పరిశోధనా కేంద్రంలో రీసస్ కోతులలో హెచ్ఐవికి సోదరుని వంటి ఒక వైరస్‌ను కనుగొన్నారు. దానికి ఎస్ఐవి అని పేరు పెట్టారు. ఇది పశ్చిమ ఆఫ్రికాలోని సూటీ మాంగబే అనే కోతులలో సహజంగా ఉండే వైరస్. ఆ కోతులకు దాని వలన సాధారణంగా హాని ఉండదు. రీసస్ కోతులకు సోకితే మాత్రం మనుషులకు వచ్చే ఎయిడ్స్ వంటి జబ్బే వస్తుంది.

అసలు హెచ్ఐవి రీసస్ కోతులలో ఎందుకు పెరగదు? 2004లో దీనికి ఒక సమాధానం దొరికింది. ఆ కోతి కణాలలో ట్రిమ్5 ఆల్ఫా అనే ప్రోటీను ఉంది. అది లోపలికి వచ్చిన హెచ్ఐవిని ఆదిలోనే అడ్డుకుంటుంది. మన కణాలలోనూ అటువంటి ప్రోటీను ఉంది కాని, అది హెచ్ఐవిని సరిగా పట్టుకోలేదు. ఈ చిక్కును దాటడానికి శాస్త్రజ్ఞులు 1990ల ఆరంభంలోనే లోపలి భాగం ఎస్ఐవిది, పైముళ్లు హెచ్ఐవివి అయిన ఒక సంకర వైరస్‌ను నిర్మించారు. దానికి షివ్ అని పేరు. హెచ్ఐవి ముల్లు మీద పనిచేసే ప్రతిరక్షకాలను కోతులలో పరీక్షించే వీలు దీనితో కలిగింది.

ఇక్కడ మన దేశానికి ఒక సంబంధం ఉంది. రీసస్ కోతి మన దేశపు జీవి. ఉత్తరాదిలో ఊరూరా తిరిగేది ఇదే. గోదావరికి దక్షిణాన ఎక్కువగా కనిపించేది నడినెత్తిన పాపిట తీసినట్లు వెంట్రుకలుండే మరొక జాతి. 1950ల నుంచి పోలియో టీకా తయారీ కోసం, ఇతర పరిశోధనల కోసం మన దేశం నుంచి ఏటా వేలాది రీసస్ కోతులు అమెరికాకు ఎగుమతి అయ్యేవి. వాటిని సైనిక సంబంధమైన రేడియేషన్ ప్రయోగాలకు కూడా వాడుతున్నారన్న సంగతి బయటపడడంతో 1978లో మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. అప్పటికే అక్కడికి చేరిన కోతుల సంతతే అమెరికా పరిశోధనా కేంద్రాలలో నేటికీ పెరుగుతున్నది. శాస్త్ర పత్రాలలో వాటిని భారతీయ మూలపు రీసస్ కోతులు అనే పిలుస్తారు. హెచ్ఐవి టీకా గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం వాటి నుంచి నేర్చుకున్నదే.

చేతికి అందినట్లే అంది జారిపోయిన విజయం

1989 ప్రాంతంలో శుభవార్త వచ్చింది. ఎస్ఐవిని పెంచి, రసాయనంతో చంపి, టీకాగా ఇస్తే కోతులకు రక్షణ కలిగిందని అమెరికాలో రెండు బృందాలు ప్రకటించాయి. పోలియో టీకా సూత్రమే ఇక్కడా పనిచేసిందని అందరూ సంతోషించారు.

1991లో బ్రిటన్‌లో జేమ్స్ స్టాట్ బృందం ఒక వింతను గమనించింది. పోల్చి చూడడానికని కొన్ని కోతులకు వైరస్ లేని మానవ కణాలను మాత్రమే టీకాగా ఇచ్చారు. వాటిలో కొన్నిటికి కూడా రక్షణ కలిగింది! ఆలోచించగా సంగతి తెలిసింది. టీకాకు వాడిన వైరస్‌నూ, పరీక్షకు వాడిన వైరస్‌నూ మానవ కణాలలోనే పెంచారు. వైరస్ ఆ కణాలలో నుంచి బయటికి వచ్చేటప్పుడు వాటి పైపొర ప్రోటీన్లను కొన్నిటిని తనతో తెచ్చుకుంటుంది. కోతి శరీరం ప్రతిరక్షకాలను తయారుచేసినది వైరస్ మీద కాదు, దానికి అంటుకున్న మానవ ప్రోటీన్ల మీద! మనిషికి ఆ టీకా ఇస్తే మానవ ప్రోటీన్లు పరాయివి కావు కనుక ఏ ఫలితమూ ఉండదు.

ఇది ఓటమి వలె కనిపించినా నిజానికి శాస్త్రపద్ధతి సాధించిన గెలుపు. పోల్చి చూడడానికి ఒక జట్టును వేరుగా ఉంచకపోతే ఈ పొరపాటు ఎన్నాళ్లు సాగేదో!

మరుసటి ఏడాది, 1992లో, రోనాల్డ్ డెస్రోసియర్స్ బృందం మరొక దారి చూపింది. ఎస్ఐవి నుంచి నెఫ్ అనే జన్యువును తొలగించి బలహీనపరచిన సజీవ వైరస్‌ను టీకాగా ఇచ్చారు. కోతులకు చక్కని రక్షణ లభించింది. కాని 1995లో రూత్ రూప్రెక్ట్ బృందం ఇటువంటి బలహీనపరచిన వైరస్సే అప్పుడే పుట్టిన కోతిపిల్లలకు ఎయిడ్స్ కలిగిస్తుందని కనుగొంది. తరువాత పెద్ద కోతులలోనూ కొన్నిటికి జబ్బు వచ్చింది. ఆస్ట్రేలియాలో ఒకే రక్తదాత నుంచి నెఫ్ జన్యువు లోపించిన హెచ్ఐవి సోకిన కొద్దిమంది చాలా ఏళ్లు ఆరోగ్యంగా ఉన్నా, కొందరిలో చివరకు రక్షణ కణాలు తగ్గిపోయాయి. ఆ టీకాను మనుషులకు ఇచ్చే ఆలోచనను విడిచిపెట్టవలసి వచ్చింది. కోతిపిల్లలు ఆ హెచ్చరిక చేయకపోయి ఉంటే ఆ మూల్యాన్ని మనుషులు చెల్లించవలసి వచ్చేది.

టి కణాల వైపు మళ్లిన దారి

వైరస్ ముల్లులోని ప్రోటీనును విడిగా తయారుచేసి టీకాగా ఇచ్చే ప్రయత్నం కూడా జరిగింది. అది ప్రతిరక్షకాలను పుట్టించింది కాని, రోగుల నుంచి తీసిన వైరస్‌లను అవి ఆపలేకపోయాయి. 2003లో అమెరికాలోను, థాయిలాండ్‌లోను ఆ టీకాల పెద్ద పరీక్షలు విఫలమయ్యాయి.

దీనితో చాలామంది టి కణాలను ఉత్తేజపరిచే టీకాల వైపు మళ్లారు. 2001లో ఎమరీ విశ్వవిద్యాలయంలో రామారావు అమర, హారియట్ రాబిన్సన్ బృందం డిఎన్ఏ టీకాను, దాని తరువాత బలహీనపరచిన ఒక పాక్స్ వైరస్ టీకాను ఇచ్చి, కోతులలో షివ్ వైరస్ తలెత్తకుండా అణచవచ్చని చూపింది. మరుసటి ఏడాది మెర్క్ సంస్థ కూడా జలుబు వైరస్ ఆధారంగా చేసిన టీకాతో అటువంటి ఫలితమే చూపింది. ఆ మెర్క్ టీకాను సుమారు 3,000 మంది మీద పరీక్షించారు. 2007 సెప్టెంబరులో పరీక్షను ఆపివేశారు. టీకా రక్షించకపోగా, టీకా పొందిన పురుషులలో కొన్ని వర్గాల వారికి వైరస్ మరింత ఎక్కువగా సోకింది.

కోతులలో ఫలించినది మనుషులలో ఎందుకు ఫలించలేదు? ఒక కారణం పరీక్షకు ఎంచుకున్న వైరస్. నాడు వాడిన షివ్ రకం చూడడానికి ఉగ్రమైనదే; కాని టీకాతో దానిని అణచడం తేలిక. మనుషుల మధ్య వ్యాపించే హెచ్ఐవి స్వభావం వేరు. చెరువులో ఈత నేర్చినవాడు వరద గోదావరిలో దిగినట్లయింది. ఆ తరువాత నిజమైన హెచ్ఐవి వలె మొండిగా ఉండే షివ్ రకాలను తయారు చేయడం మీద శ్రద్ధ పెరిగింది.

2009లో థాయిలాండ్‌లో 16,402 మంది పాల్గొన్న పరీక్షలో సుమారు 31 శాతం రక్షణ కనిపించింది. మనుషులలో కాస్తయినా రక్షణ కనిపించిన పెద్ద పరీక్ష అదొక్కటే. దానిని మెరుగుపరచి దక్షిణ ఆఫ్రికాలో చేసిన పరీక్షను 2020లో నిలిపివేశారు. వేరొక పద్ధతిలో చేసిన మరి రెండు టీకాల పరీక్షలు 2021లో, 2023లో అదే విధంగా ముగిశాయి. ఇవేవీ బలమైన నిరోధక ప్రతిరక్షకాలను పుట్టించలేదు.

అరువు తెచ్చిన ప్రతిరక్షకాలు

ఇదే కాలంలో మరొక పరిశోధన నిదానంగా సాగుతూ వచ్చింది. దానిలోని ప్రశ్న సులభమైనది. టీకా సంగతి అలా ఉంచి, ప్రతిరక్షకాలనే నేరుగా శరీరంలోకి ఎక్కిస్తే రక్షణ కలుగుతుందా?

2000లో వెలువడిన రెండు పరిశోధనలు అవునని చెప్పాయి. మానవ ప్రతిరక్షకాలను ముందుగా ఎక్కించిన కోతులను షివ్ నుంచి కాపాడవచ్చని జాన్ మస్కోలా బృందం, రూప్రెక్ట్ బృందం చూపాయి. అప్పుడే పుట్టిన కోతిపిల్లలకు కూడా రక్షణ కలిగింది. ఆ తరువాత స్క్రిప్స్ పరిశోధనా సంస్థలో డెన్నిస్ బర్టన్ బృందం దీనిని పలుమార్లు ధ్రువపరచింది. ప్రతిరక్షకాలు తగిన రకానివి, తగినంత పరిమాణంలో ఉంటే ద్వారం దగ్గరే వైరస్‌ను ఆపగలవని రుజువయింది.

ఇక తగిన రకానివి ఎక్కడ దొరుకుతాయి? హెచ్ఐవి సోకిన వారిలో కొద్దిమందికి రెండు మూడేళ్ల తరువాత అనేక రూపాంతరాలను ఒకేసారి నిరోధించగల ప్రతిరక్షకాలు పుడతాయి. వారికి అవి ఉపయోగపడవు; అప్పటికే శరీరంలో ఉన్న వైరస్ రూపం మార్చుకుని వాటిని తప్పించుకుంటుంది. కాని వైరస్ ఇంకా సోకని వారిలో అవే ముందుగా ఉంటే? 2009, 2010 సంవత్సరాలలో ఇటువంటి ప్రతిరక్షకాలను ఒకదాని వెంట ఒకటి వేరుపరచారు. వాటిలో విఆర్‌సి01 అనేది పరీక్షించిన వైరస్ రకాలలో సుమారు 90 శాతాన్ని నిరోధించింది.

దీనిని మనుషులలోనూ పరీక్షించారు. 4,600 మందికి పైగా పాల్గొన్న ఆ పరీక్షల ఫలితాలు 2021లో వచ్చాయి. మొత్తం మీద వ్యాధి సోకడం తగ్గలేదు. అయితే ఆ ప్రతిరక్షకానికి బాగా లొంగే వైరస్ రకాల విషయంలో సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. కోతులు చెప్పిన మాట నిజమే. కాని ఒక్క రకం ప్రతిరక్షకం చాలదు.

ముల్లును చెదరకుండా నిలబెట్టడం

టీకాతో అటువంటి ప్రతిరక్షకాలను పుట్టించాలంటే శరీరానికి అసలైన ముల్లును చూపించాలి. అక్కడే చిక్కు. వైరస్ నుంచి వేరుచేసిన వెంటనే ఆ ముల్లు విడిపోతుంది. విడిపోయిన ముక్కలను చూపితే శరీరం ముక్కలకే ప్రతిరక్షకాలు తయారు చేస్తుంది. తొలినాటి టీకాలు విఫలం కావడానికి ఇదొక కారణం.

జాన్ మూర్, రోజియర్ సాండర్స్ మొదలైనవారు ఏళ్ల తరబడి శ్రమించి, ముల్లు విడిపోకుండా లోపల ఒక రసాయన బంధాన్ని, ఒక చిన్న మార్పును చేర్చి దానిని స్థిరపరచారు. దీనికి సోసిప్ అని పేరు. వారు ఎంచుకున్న వైరస్ కెన్యాలో ఒక పసికందు నుంచి సేకరించినది. దానిని బీజీ505 అంటారు. 2013లో ఈ ముల్లు ఆకృతిని అణువణువునా చిత్రించారు. 2015లో దీనిని కుందేళ్లకు, కోతులకు ఇచ్చినప్పుడు, మొండి రకమైన ఆ వైరస్‌నే నిరోధించే ప్రతిరక్షకాలు పుట్టాయి. అంతకు ముందు టీకాతో అది స్థిరంగా సాధ్యపడలేదు.

అయినా అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఆ ప్రతిరక్షకాలు కోతిని నిజంగా కాపాడతాయా? దీనికి సమాధానం 2019లో బర్టన్ బృందం ప్రచురించింది. ముందుగా టీకా పొందిన కోతులలో ప్రతిరక్షకాలు బాగా ఎక్కువగా ఉన్న ఆరింటిని, తక్కువగా ఉన్న ఆరింటిని ఎంచుకున్నారు. టీకా పొందని పన్నెండింటిని పోలికకు ఉంచారు. అన్నింటినీ వారానికి ఒకసారి చొప్పున ఆరు వారాలు షివ్‌కు గురిచేశారు. ప్రతిరక్షకాలు తక్కువగా ఉన్నవాటికి, టీకా లేనివాటిలో చాలావాటికి వైరస్ సోకింది. ఎక్కువగా ఉన్నవి మాత్రం చాలావరకు తట్టుకున్నాయి.

ఈ పరిశోధన ఇచ్చిన అతి ముఖ్యమైన విషయం ఒక సంఖ్య. రక్తరసిని 500 రెట్లు పలుచన చేసినా అది సగం వైరస్‌ను ఆపగలిగితే, ఆ కోతికి సుమారు 90 శాతం రక్షణ ఉంటుందని తేలింది. అప్పటి వరకు గురి ఎక్కడుందో తెలియకుండా బాణాలు వేసినట్లుండేది. ఇప్పుడు గురి కనిపించింది. లోపాలు కూడా తెలిశాయి. ప్రతిరక్షకాలు కొన్ని వారాలకు, నెలలకు తగ్గిపోయినప్పుడు రక్షణ కూడా తగ్గింది. పైగా అవి బీజీ505 ఒక్కదానినే ఆపుతాయి. ఇతర రకాలను ఆపలేవు.

టీకా ఇచ్చే పద్ధతి గురించి కూడా కోతులు ఒక పాఠం చెప్పాయి. మందంతా ఒకేసారి పొడిచేకంటే, కొద్దికొద్దిగా పెంచుతూ కొన్ని రోజుల పాటు ఇస్తే ప్రతిరక్షకాలు మెరుగ్గా పుట్టాయి. లింఫ్ గ్రంథులలో రక్షణ కణాలు తమ పనితనాన్ని మెరుగుపరచుకునే కృషి ఆరు నెలలకు పైగా సాగిందని తరువాతి పరిశోధనలు చూపాయి.

ఆవుదూడల ఆశ్చర్యం

టీకాల చరిత్ర ఆవుతోనే మొదలయింది. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసితోనే మశూచికి టీకా కనిపెట్టాడు. రెండు శతాబ్దాల తరువాత ఆవు మళ్లీ ఈ కథలోకి వచ్చింది. 2017లో నాలుగు ఆవుదూడలకు బీజీ505 సోసిప్ టీకా ఇచ్చారు. మనుషులలో ఏళ్లు పట్టే విస్తృత నిరోధక ప్రతిరక్షకాలు నాలుగు దూడలలోనూ కొద్ది వారాలలోనే పుట్టాయి. ఒక దూడ రక్తరసి 42 రోజులకు పరీక్షించిన వైరస్ రకాలలో 20 శాతాన్ని, 381 రోజులకు 96 శాతాన్ని నిరోధించింది.

కారణం ఆవు ప్రతిరక్షకాల నిర్మాణంలో ఉంది. వాటిలో కొన్నిటికి చాలా పొడవైన కొక్కెం వంటి భాగం ఉంటుంది. అది చక్కెర కవచపు సందులలోకి దూరి ముల్లును పట్టుకుంటుంది. మన ప్రతిరక్షకాలలో అంత పొడవైన కొక్కేలు అరుదు.

పాఠకులకు ఒక మనవి. ఈ సంగతి చదివి ఆవుపాల వలననో, మరే ఆవు పదార్థం వలననో హెచ్ఐవి రాదనీ, తగ్గుతుందనీ భావించవద్దు. ఆ ప్రతిరక్షకాలు టీకా పొందిన దూడల రక్తంలో పుట్టినవి. సామాన్యమైన ఆవులలో ఉండవు. ఈ ప్రయోగం వలన తెలిసినదల్లా ముల్లు సరైనదేననీ, చిక్కు మన ప్రతిరక్షకాల నిర్మాణంలో ఉందనీ మాత్రమే.

మెట్టు మెట్టుగా

అందువలన ఇప్పటి ఆలోచన ఇది. విస్తృత ప్రతిరక్షకాలను తయారు చేయగల బి కణాలు మనలో పుట్టుకతోనే ఉంటాయి కాని, చాలా అరుదు. మొదటి టీకా ఆ అరుదైన కణాలను నిద్ర లేపాలి. తరువాతి టీకాలు వాటికి మెట్టు మెట్టుగా శిక్షణ ఇవ్వాలి. ఓనమాలు దిద్దించి, గుణింతం నేర్పి, ఆ తరువాత పద్యం చెప్పించినట్లు. స్క్రిప్స్ సంస్థలో విలియం షీఫ్ బృందం మొదటి మెట్టుకు ఒక టీకాను రూపొందించింది. కోతుల జన్యువులు ఈ పరీక్షకు సరిపోవు కనుక, మానవ ప్రతిరక్షక జన్యువులను చేర్చిన ఎలుకలలో దానిని పరీక్షించారు. తరువాత 48 మంది మనుషులలో తొలి పరీక్ష జరిగింది. టీకా పొందిన 36 మందిలో 35 మందికి ఆశించిన కణాలు మేల్కొన్నట్లు 2022లో ప్రకటించారు. ఇది రక్షణ కాదు; మొదటి మెట్టు మాత్రమే.

కోవిడ్ టీకాలలో వాడిన ఎంఆర్ఎన్ఏ పద్ధతి కూడా ఇందులోకి వచ్చింది. 2021 చివర వెలువడిన ఒక పరిశోధనలో అటువంటి టీకాను పలుమార్లు పొందిన కోతులకు, ఒక్కొక్కసారి షివ్‌కు గురయినప్పుడు వైరస్ సోకే అవకాశం 79 శాతం తగ్గింది. మనుషులలో ఎంఆర్ఎన్ఏ రూపంలో మొదటి మెట్టు పరీక్షలు అమెరికాలోను, ఆఫ్రికాలోను జరిగాయి. ఆశించిన కణాలు పుట్టాయి. కొందరిలో చర్మంపై దద్దుర్లు కూడా కనిపించాయి. వాటి కారణం తేల్చవలసి ఉంది.

ఇంత దూరం వచ్చాక 2025 మే నెలలో ఈ పరిశోధనకు మూలస్తంభాల వంటి డ్యూక్, స్క్రిప్స్ కేంద్రాల నిధులను ఇక కొనసాగించబోమని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తెలిపింది. పంట చేతికి రాబోయే వేళ కాలువకు నీరు కట్టివేసినట్లుంది ఈ నిర్ణయం. ఈ విద్య పుస్తకాలలో మాత్రమే ఉండేది కాదు. చేయి తిరిగిన బృందాలలో ఉంటుంది. బృందాలు చెదిరితే మళ్లీ కూడగట్టడానికి ఏళ్లు పడుతుంది.

మన సంగతి

మన దేశంలో హెచ్ఐవిని మొదట గుర్తించినది 1986లో, నాటి మద్రాసులో. డాక్టర్ సునీతి సాలమన్, ఆమె విద్యార్థిని నిర్మల సేకరించిన రక్త నమూనాలను వెల్లూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పరీక్షించారు. తరువాతి కాలంలో వ్యాధి ఎక్కువగా వ్యాపించిన రాష్ట్రాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2005లో పుణెలోను, ఆ మరుసటి ఏడాది చెన్నైలోను హెచ్ఐవి టీకాల తొలిదశ పరీక్షలు జరిగాయి.

నేను ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో, 1990ల చివరలో, ఒళ్లు శుష్కించి వచ్చే లారీ డ్రైవర్లను, భర్తను పోగొట్టుకుని బిడ్డను చంకనెత్తుకుని వచ్చే పాతికేళ్ల ఆడపడుచులను తరచుగా చూసేవాణ్ణి. “దీనికి సూదిమందు లేదా, డాక్టరు గారూ?” అని అడిగేవారు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టి మందులు ఇవ్వడం మొదలుపెట్టిన తరువాత మా వార్డుల ముఖమే మారిపోయింది. మందులు సక్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి చేరిన వారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు వ్యాధి సోకదని నేడు నిశ్చయంగా తెలుసు.

టీకా కాకపోయినా టీకాను తలపించే మందు ఒకటి వచ్చింది. లెనకాపవిర్ అనే ఇంజక్షన్‌ను ఆరు నెలలకు ఒకసారి ఇస్తే సరిపోతుంది. 2024లో ఆఫ్రికాలో జరిగిన పరీక్షలో దీనిని పొందిన 2,134 మంది యువతులలో ఒక్కరికి కూడా హెచ్ఐవి సోకలేదు. 2025 జూన్‌లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. దీని చవక రూపాన్ని ఏడాదికి సుమారు 40 డాలర్లకు 2027 నుంచి వంద పైచిలుకు దేశాలకు అందించడానికి ముందుకు వచ్చిన సంస్థలు రెండూ, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, మన హైదరాబాదువే.

అయితే ఇంకా టీకా ఎందుకు అని మీరు అడగవచ్చు. మందు శరీరంలో ఉన్నంతకాలమే రక్షిస్తుంది. ఆరు నెలలకొకసారి మళ్లీ ఆసుపత్రికి రావాలి. దానికి డబ్బు, తీరిక, ధైర్యం కావాలి. 2024లో ప్రపంచంలో సుమారు 13 లక్షల మందికి కొత్తగా హెచ్ఐవి సోకింది, 6.3 లక్షల మంది మరణించారు. ఇన్ని మందులు ఉండగానే ఇంతమంది! మశూచిని మందులు తుడిచిపెట్టలేదు. టీకాయే తుడిచిపెట్టింది.

టీకా వచ్చేదాకా చేయవలసినవి మన చేతిలో ఉన్నాయి. అనుమానం ఉంటే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేయించుకోండి. వివరాలను గోప్యంగా ఉంచుతారు. గర్భిణులందరూ తప్పక పరీక్ష చేయించుకోవాలి. మందులు సకాలంలో వాడితే బిడ్డకు వ్యాధి సోకే అవకాశం చాలా తక్కువ. వైరస్‌కు గురయ్యామన్న భయం కలిగితే 72 గంటలలోపు, వీలైతే తొలి గంటలలోనే, వైద్యుని కలవండి. నివారణ మందులు ఉన్నాయి. సందేహాలకు 1097 సంఖ్యకు ఉచితంగా ఫోను చేయవచ్చు. హెచ్ఐవి ఉన్నవారిని ఉద్యోగంలో, చదువులో, వైద్యంలో వివక్షకు గురిచేయడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. చట్టం సంగతి అలా ఉంచినా, వారు మన ఇరుగుపొరుగులే.

రెండేళ్లలో అనుకున్నది నలభై ఏళ్లు దాటింది. ఈ వ్యవధిలో మాట తెలియని జీవులెన్నో మన కోసం ప్రాణాలు కోల్పోయాయి. ఏ ప్రతిరక్షకం కావాలో, ఎంత కావాలో, దానిని పుట్టించడానికి ఏ ఆకృతిని చూపాలో వాటి వలననే మనకు తెలిసింది. వాటి త్యాగానికి తగిన ఋణం తీర్చుకోవాలంటే ఈ పనిని మధ్యలో విడిచిపెట్టకూడదు.